తాండూరు ఇంట్లో అమెరికా యుద్ధం

వికారాబాద్,
13 జూలై 2025, ఆదివారం

అత్తమ్మకు,

నీ ముద్దుల మేనకోడలు రుచిత దండం పెట్టి రాస్తున్నది. ముద్దుల అని నేనే రాసుకున్నాను, నువ్వు ఎలాగూ అనవు కదా.

ఉత్తరమేందే, ఫోను లేదా అంటావు. లేదు అత్తమ్మా. మా గురుకులంలో ఇంటర్ పిల్లలకు ఫోన్లు బంద్. ఆదివారం ఆఫీసు ఫోను దగ్గర వరుస కడితే, నా వంతు వచ్చేసరికి వెనకాల పిల్లలు "జల్దీ, జల్దీ" అని వీపులో పొడుస్తుంటారు. ఆ తొందరలో నువ్వు "తిన్నవా?" అంటావు, నేను "తిన్న" అంటాను, అంతటితో అయిపోతుంది. నాన్నతో చెప్తే, "అత్తమ్మకు ఉత్తరం రాయి, ఆమెకు గూడ పొద్దువోతది" అన్నాడు. నీ కంటి ఆపరేషన్ మంచిగా అయిందట కదా. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే పోలీసు ఆఫీసరు లెక్క ఉన్నావట. ఇది నాన్న అన్న మాట, నన్ను తిట్టకు.

అసలు సంగతికి వస్తాను. జిల్లా ఉపన్యాస పోటీకి మా కాలేజీ నుంచి నన్ను పంపుతున్నారు. పోటీ ఆగస్టు చివర్లో. అంశం "అమెరికా అంతర్యుద్ధం: కారణాలు, ఫలితాలు". అంతర్యుద్ధమంటే ఒకే దేశంవాళ్లు రెండు జట్లయి కొట్టుకోవడం. అక్కడ దక్షిణం దిక్కువాళ్లు మనుషుల్ని సంతలో గొడ్లను కొన్నట్టు కొని, పత్తి చేలల్లో పని చేయించుకునేవాళ్లు. ఆ బానిసత్వం కొత్త రాష్ట్రాల్లోకి పాకొద్దని ఉత్తరంవాళ్లు అన్నారు. అట్లయితే మేము మీతో ఉండమని దక్షిణంవాళ్లు విడిపోయారు. నూట అరవై ఏళ్ల కిందటి మాట. నాలుగేళ్లు కొట్టుకుని ఆరు లక్షల మందికి పైగా చచ్చిపోయారు.

మా చరిత్ర మేడం ఏమంటుందంటే, "పుస్తకంలోది అందరూ చెప్తారు, మన దిక్కు సంగతి ఒకటి కలిపితే జడ్జీలు లేచి కూర్చుంటారు." అందుకని మామను అడిగి చెప్పు. పాత రోజుల్లో మన ఇళ్లల్లో జీతగాళ్లు ఉండేవాళ్లట కదా, వాళ్ల బతుకు ఎట్లా ఉండేది? జడ్జీలు లేచి కూర్చునేంత చెప్పు, మన ఇంటి పరువు పోనంత చెప్పు.

నిరోషక్కను అడిగానని చెప్పు. మామ మీసాలకు రంగు వేయడం మానేశాడా?

నీ కోడలు పిల్ల,
రుచిత


తాండూరు,
19 జూలై 2025

మా ఇంటి వకీలమ్మ రుచితకు,

నీ ఉత్తరం నిరోషా చదివి వినిపించింది. డాక్టరు నన్ను చదవద్దు, రాయొద్దు, వంగొద్దు, ఏడవొద్దు అన్నాడు. రెండో కన్నుకు కూడా కోత ఉన్నది, అది ఎప్పుడో ఆయన దయ. అందాక నా కళ్లూ నా చేతులూ నిరోషాయే. నేను చెప్తుంటే ఇది రాస్తున్నది.

కానీ దీనితో ఒక తంటా వచ్చింది. నేను "గా పోరికి బుద్ధున్నదా" అంటే ఇది "ఆ అమ్మాయికి బుద్ధి ఉన్నదా" అని రాస్తున్నది. ఏందే అంటే, ఉత్తరం పుస్తకం భాషలో రాయాలని ఏడో తరగతిలో సారు చెప్పాడట. కాబట్టి ఈ ఉత్తరంలో నేను చాలా మర్యాదస్తురాలిగా కనిపిస్తాను. నమ్మి మోసపోకు.

(రుచితా, పెద్దమ్మ "పోరి" అనలేదు. ఇంకొకటి అన్నది. అది నేను రాయలేను. నిరోషా.)

మీ మామ పాండురంగం సంగతి చెప్తాను. నిరోషా చదువుతుంటే పత్తి అన్న మాట దగ్గర చెవులు నిక్కబొడుచుకున్నాడు. "యుద్ధమైతే పత్తి రాదు గద. మరి ధర ఎంత దాక వోయింది? గది అడుగు" అన్నాడు. ఆరు లక్షల మంది చచ్చిపోయారంటే అయ్యో అనలేదు. మార్కెట్లో కందుల ఆడ్తి దుకాణం నడిపే మనిషి, పెళ్లి పత్రిక ఇచ్చినా వెనక్కి తిప్పి ధర చూస్తాడు. మీసాలకు రంగు మానలేదు, ముదురు చేశాడు.

జీతగాళ్ల సంగతి అడిగావు. మా మామగారి కాలంలో బంట్వారం దిక్కు పొలాల్లో చాలా మంది ఉండేవాళ్లు. ఉగాది నాడు ఏడాదికి మాట్లాడుకునేవాళ్లు. కోడి కూయకముందే పశువుల పెండ తీయడం, చీకటి పడ్డంక గొడ్లను కట్టేసి పోవడం. మళ్లీ ఉగాది వచ్చేదాకా ఇంకో ఇంటికి పోవడానికి లేదు. ఉగాది వచ్చినా చాలామంది అదే ఇంట్లో ఉండిపోయేవాళ్లు. కానీ మన ఇల్లు వేరు. నిరోషా నాయిన ఈరయ్యనే చూడు. మా పొలంలోనే పెరిగి మా పొలంలోనే ముసలివాడైపోయాడు. అతన్ని మేమెవరం జీతగాడు అనలేదు, ఇంటి మనిషి అన్నాం. అతను పోయినంక ఈ పిల్లను తాండూరు తెచ్చుకున్నాను, అప్పుడు తొమ్మిదేళ్లది. దానికి తల్లి లేదు, నాకు పిల్లలు లేరు. ఒక్క దెబ్బ కొట్టలేదు. పండుగకు నాకు చీర తెస్తే దానికీ తెచ్చాను. దాన్ని పనిమనిషి అన్నవాళ్లతో నేను మాట్లాడటం మానేశాను.

ఇదంతా రాసుకుని జడ్జీలకు చెప్పు. తాండూరులో గోవిందమ్మ ఇంట్లో జీతగాళ్లు లేరు, అందరూ ఇంటి మనుషులే అని చెప్పు. వాళ్లు లేచి కూర్చోవడం కాదు, లేచి నిలబడతారు.

ఇట్లు చీకట్లో కూర్చున్న
నీ అత్త గోవిందమ్మ


వికారాబాద్,
26 జూలై 2025

పోలీసు ఆఫీసరుకు సెల్యూట్,

నిరోషక్కా, ముందుగా నీకొక దండం. అత్తమ్మ ఇంత మెత్తగా మాట్లాడటం నా జన్మలో చూడలేదు. కానీ ఎవరైనా అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టే రాయి అక్కా, లేకపోతే ఇది అత్తమ్మ ఉత్తరమని నమ్మబుద్ధి కాదు.

మామ ప్రశ్నకు జవాబు మేడంనే అడిగాను. ఆ నాలుగేళ్లు అక్కడి పత్తి ఆగిపోయేసరికి మన దేశం పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చిందట. ధర ఆకాశానికి పోయిందట. యుద్ధం ఆగగానే దబ్బున కింద పడి, ఎందరో వ్యాపారులు మునిగిపోయారట. మామకు చెప్పు, ఇప్పుడు ఓడ ఎక్కించినా లాభం లేదు.

కారణాలు చదువుతుంటే ఒక సంగతి నాకు విచిత్రంగా అనిపించింది. ఆ యజమానులు తాము చెడ్డవాళ్లమని అనుకోలేదట అత్తమ్మా. వాళ్లు ఏమనేవాళ్లంటే, "వీళ్లు మా ఇంటి మనుషులు. మేము తిండి పెడుతున్నాం, బట్ట పెడుతున్నాం, జ్వరమొస్తే మందు పోస్తున్నాం. మమ్మల్ని విడిచి వీళ్లు ఎక్కడికి పోతారు? పోయి ఏం చేస్తారు?" పైగా ఇదంతా పుస్తకాల్లో కూడా రాసుకున్నారట. మా మేడం ఒక్కటే అడిగింది. "ఇంటి మనుషులైతే, పోతాం అంటే పోనిచ్చేవాళ్లా?" నేను లేచి, "మేడం, మేము గేటు దాటాలన్నా వార్డెన్ సంతకం కావాలి, మా కోసం ఎవరు యుద్ధం చేస్తారు?" అన్నాను. గంట కొట్టేదాకా బయట నిలబెట్టింది.

నువ్వు చెప్పిన ఉగాది సంగతి ఉపన్యాసంలో పెడతాను. చాలా బాగుంది. కారప్పూస అయిపోయింది. నాన్న వచ్చే ఆదివారం వస్తాడు, ఒక డబ్బా పంపు. రెండైనా వద్దనను.

నీ వకీలమ్మ,
రుచిత


తాండూరు,
3 ఆగస్టు 2025

రుచితకు,

ఈసారి ముందూ వెనకా ఏం తగిలించడం లేదు, ఉత్త రుచితకే. కారప్పూస కూడా పంపడం లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నిరోషా గడగడా చదువుతూ, "వీళ్లు మా ఇంటి మనుషులు" దగ్గరికి వచ్చి ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. "ఒకసారి ఇన్న కదనే, ముందలికి పో" అన్నాను. ముందుకు పోయి మీ మేడం అడిగిన మాట చదివింది. దాన్ని కూడా రెండుసార్లు చదివింది. నీ చేతిరాత అర్థం కావడం లేదేమో అనుకున్నాను. చదవడం అయినంక మామూలుగానే లేచి పోయి బియ్యం కడిగింది.

రెండు రోజులు పోయినంక, నా కంట్లో చుక్కల మందు వేస్తూ, "పెద్దమ్మా, నేను సానియక్క దుకాణంల పనికి పోత" అన్నది. కంట్లో మందు పడ్డప్పుడు మనిషి లేవలేదు కదా, చూసి చూసి అప్పుడే చెప్పింది.

సానియా నీకు తెలుసు, మన వెనక గల్లీ పిల్ల. రవికెలకు పూసలూ జరీ కుట్టే మగ్గం పని దుకాణం పెట్టింది. మధ్యాహ్నాలు మేము నడుం వాల్చినప్పుడు నిరోషా అక్కడికి పోయేది. కాలక్షేపమనుకున్నాను. పని మొత్తం నేర్చుకున్నదట. దసరా గిరాకీ ఉన్నది, సెప్టెంబరు మొదటికల్లా రాకపోతే వేరే పిల్లను పెట్టుకుంటానని సానియా చెప్పిందట. జీతమిస్తుందట, శుక్రవారం సెలవట, మేడ మీద గదిలో పని పిల్లలతో కలిసి ఉండొచ్చట. ఉండటం కూడా అక్కడేనట!

"ఇంట్ల నీకేం తక్కువైందే?" అంటే "ఏం తక్కువ కాలే పెద్దమ్మా. పోత" అంటుంది. తిడితే వింటుంది, బుజ్జగిస్తే వింటుంది, పొద్దున లేచి మళ్లీ అదే మాట. "గోవిందమ్మ ఇంట్ల పిల్ల కూలికి పోతున్నదంటె బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాను. అది నా తలకు నూనె రాస్తూ కూర్చున్నది.

నిజం చెప్పు. ఇది నువ్వు పెట్టిన చిచ్చే కదా? ఉపన్యాసానికి మన దిక్కు సంగతి దొరకక, మా ఇంట్లోనే యుద్ధం పెట్టి చూస్తున్నావు. ఇంత నీతులు చెప్పేదానివి, సెలవులకు వస్తే నీ జడ ఎవరే వేసింది? మంచం మీద కూర్చుని "నిరోషక్కా, నీళ్లు" అని అరిచింది ఎవరే? అప్పుడు రాలేదా నీకు అమెరికా గుర్తుకు?

మీ మామను ఏదో ఒకటి చెప్పమంటే "ఇద్దరు మంచోళ్లే, నేనేం చెప్త" అని చెప్పులేసుకుంటున్నాడు. ఈ మధ్య మార్కెట్ తెరవకముందే ఆడ్తికి పోయి కూర్చుంటున్నాడు.

గోవిందమ్మ

(రుచితా, పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను, ఒక్క ముక్క తగ్గించలేదు. నా మీద ఫిర్యాదు నేనే రాయడం జర కష్టమైంది. నువ్వు నాకు ఏ మంత్రం వేయలేదు. పోవాలని నాకు మగ్గం నేర్చుకున్నప్పటి నుంచి ఉన్నది. నిరోషా.)


వికారాబాద్,
9 ఆగస్టు 2025

కోపంలో ఉన్న మా అత్తమ్మకు,

జడ సంగతిలో, నీళ్ల సంగతిలో దొరికిపోయాను. వకీలమ్మ ఈ కేసు ఓడిపోయింది.

కానీ చిచ్చు నేను పెట్టలేదు. మా అమ్మ మీద ఒట్టు. ఆ ఉత్తరం రాసినప్పుడు నా బుర్ర నిండా పత్తే ఉన్నది. నువ్వు "ఇంటి మనుషులు" అన్నావని, వాళ్లు కూడా అదే మాట అన్నారని పక్కపక్కన పెట్టి చూడనైనా లేదు. పక్కపక్కన పెట్టింది నిరోషక్క. పోటీకి ఆమెను పంపాల్సింది.

మామ ఏమిటో నాకు తెలిసిపోయింది. ఆ యుద్ధంలో సరిహద్దు రాష్ట్రాలని కొన్ని ఉండేవి. బానిసలను ఉంచుకున్నాయి, కానీ దక్షిణంతో పోలేదు, మధ్యలో నిలబడి ఇటూ అటూ చూశాయి. మామ అచ్చం సరిహద్దు రాష్ట్రం. మీసాలకు రంగు వేసిన సరిహద్దు రాష్ట్రం.

ఇప్పుడు నీతో ఒక్క మాట చెవిలో చెప్పాలి. ఎట్లా చెప్పాలి? నేనేం రాసినా నిరోషక్క నోట్లోంచే నీ చెవిలోకి రావాలి. సరే. నిరోషక్కా, కింద ఉన్న ఈ నాలుగు మాటలు నువ్వు చదవకు.

అత్తమ్మా, నువ్వు భయపడుతున్నావు. ఆమె పోతే ఇల్లు బోసిపోతుందని నీ భయం. బజారు, ఇజ్జత్, ఇవన్నీ ఉత్తవి. ఉన్న మాట ఆమెతో అను. నువ్వు లేకపోతే నాకు తోచదే అని చెప్పు. ఆ తర్వాత పోవాలో వద్దో ఆమెనే చెప్పనీ.

ఇక చదవొచ్చు నిరోషక్కా.

ఫలితాల దాకా వచ్చాను. బానిసలకు విడుదల అని అధ్యక్షుడు ప్రకటించిన సంగతి ఒక రాష్ట్రంలో రెండున్నర ఏళ్ల దాకా పని చేసేవాళ్లకు ఎవరూ చెప్పలేదట. వాళ్లు ఎప్పట్లాగే పత్తి ఏరుతూ ఉన్నారట. పట్టపగలు ఇంత పెద్ద మాట ఎట్లా దాస్తారు అత్తమ్మా? విడుదలైన తర్వాత కూడా చాలామంది పాత యజమానుల భూముల్లోనే పాలుకు, అంటే పంటలో వాటాకు, చేసుకుంటూ మిగిలిపోయారట, చేతిలో భూమి లేదు, చదువు లేదు కదా మరి. "ఉట్టి చేతులతో పొమ్మంటే అది సగం విడుదలే" అని మేడం అన్నది. ఆ మాటతో ఉపన్యాసం ముగిస్తాను.

కారప్పూస మీద నాకు ఇంకా ఆశ ఉన్నది.

రుచిత


తాండూరు,
17 ఆగస్టు 2025

మా బంగారు కోడలికి,

చూశావా, కోపం పోయింది. ఉత్తరంతో పాటు కారప్పూస కూడా మీ నాన్న చేతికి ఇస్తున్నాను.

నువ్వు చదవద్దన్నది నిరోషా ఒక్క అక్షరం పోకుండా చదివింది. "చదవొద్దని రాసింది పెద్దమ్మా, ఏం జేయాలె?" అని అడిగింది, "చదువు" అన్నాను. నాకేం భయమే? మీ మామతో ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు భయమేంది?

కానీ మీ మేడం చివరికి చెప్పిన మాట నాకు నచ్చింది. ఉట్టి చేతులతో పంపితే సగం విడుదల అన్నది చూడు, అది బతుకు తెలిసిన మనిషి మాట. నేను రెండు రోజులు ఆలోచించాను. మగ్గం దుకాణానికి పంపితే అది ఉట్టి చేతులతో పంపినట్టే. అందుకని పూర్తి విడుదలే చేద్దామని సంబంధం చూశాను. పెద్దేముల్ పిల్లగాడు. సొంత ఆటో ఉన్నది, తాండూరుకు మనుషులను తోలుతాడు. తల్లి మంచిది, ఒక్కతే చెల్లెలు. పెళ్లి నా ఇంటి ముందు పందిరి వేసి నేనే చేస్తాను, నా చేతి గాజులు పెట్టి పంపుతాను. అటు తర్వాత మగ్గమో గిగ్గమో వాళ్లాయన చూసుకుంటాడు. దసరా అయినంక చూపులకు వస్తారు. నీ యుద్ధం వల్ల ఒక మంచి పని జరుగుతున్నది, నీ పుణ్యమే.

సానియాకు కూడా కబురు పంపాను, మా పిల్ల రాదు, వేరేవాళ్లను చూసుకో అని.

నేను బలవంతం చేస్తున్నాననుకుంటావేమో. నిరోషాను కూర్చోబెట్టి అడిగాను. ఒప్పుకున్నది. ఇంకెక్కడికీ పోను, ఈ ఇంట్లో సంతోషంగా ఉన్నాను, పెద్దమ్మ ఎట్లా చెప్తే అట్లనే అన్నది. కాబట్టి యుద్ధం అయిపోయింది. నేనే గెలిచాను. జడ్జీలకు ఇది కూడా చెప్పు.

గెలిచిన
గోవిందమ్మ

పైన రాసింది పెద్దమ్మ చెప్పిన మాట. ఆ మాట నేను అనలేదు. నేను ఏం అనలేదు. నిరోషా.


వికారాబాద్,
22 ఆగస్టు 2025

అత్తమ్మా,

కారప్పూస అందింది. గదిలో పిల్లలంతా నీకు జై కొట్టారు. ఈ ఒక్క ఉత్తరంలో మాత్రం పరాచికాలు ఇక్కడితో ఆపుతున్నాను.

మేడం మాటను నువ్వు పెళ్లి పందిరి దాకా తీసుకుపోతావని నాకు తట్టలేదు. ఒక చేతిలోంచి తీసి ఇంకో చేతిలో పెట్టడం విడుదల ఎట్లా అవుతుంది అత్తమ్మా? చేతిలో ఏదో ఒకటి ఉండాలన్నది మేడం. నిరోషక్క చేతిలో మగ్గం పని ఉన్నది కదా, అది ఆమె సొంతంగా సంపాదించుకున్నది.

ఇంకొకటి. నీ ఉత్తరంలో నువ్వు చెప్పని మాట ఒకటి ఉన్నది. నీ పేరు కింద, సన్న అక్షరాలతో. అదేమిటో నేను నీకు చెప్పను, అది నా మాట కాదు. ఆ కాగితాన్నే ఈ కవరులో పెట్టి వెనక్కి పంపుతున్నాను.

నిరోషక్కా, ఇది నువ్వు రాసినదే. నీకు ఇష్టమైతే పెద్దమ్మకు చదివి వినిపించు. ఇష్టం లేకపోతే పొయ్యిలో వేసెయ్యి, నేను మళ్లీ ఈ ఊసెత్తను. కానీ నాకు రాయగలిగావు కదా అక్కా. నేను ఇక్కడ ఇంత దూరంలో ఉన్నాను, నాకు తెలిసి ఏం లాభం? వినాల్సిన మనిషి నీ ఎదురుగానే కూర్చుని ఉన్నది.

అత్తమ్మా, చదివితే విను. ముందలికి పో అనకు.

రుచిత


వికారాబాద్,
31 ఆగస్టు 2025

అత్తమ్మా,

రోజూ పోస్టు వచ్చే వేళకు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. వార్డెన్ నాకేదో ప్రేమ వ్యవహారం ఉన్నదని అనుమానపడుతున్నది. "మేనత్త ఉత్తరం మేడం" అంటే ఇంకా అనుమానపడింది.

పోటీ అయిపోయింది. నాకు మూడో బహుమతి. ఒక జడ్జి లేచి కూర్చున్నాడు, ఒకాయన మొదటి నుంచీ కునుకు తీశాడు. ఉగాది జీతగాళ్ల సంగతి చెప్పాను. మన ఇంటి సంగతి చెప్పలేదు, నోరు రాలేదు.

రేపటితో సానియక్క పెట్టిన గడువు అయిపోతుంది. నాకు నిద్ర పట్టడం లేదు. నా మీద కోపమైతే తిట్టు అత్తమ్మా, తిట్టడానికైనా రాయించు. నిరోషక్కా, నువ్వైనా రెండు ముక్కలు రాయి.

రుచిత


తాండూరు
13 సెప్టెంబరు

రుచితా బిడ్డా,

గీ అక్షరాలు చూసి నవ్వకు. నేనే రాస్తున్న. పెండ్లయినంక సంతకం తప్ప ఏం రాయలే నేను. లైన్లు కోడి నడిచినట్టు పోతున్నయి. డాక్టరు ఒక కంటికి అద్దాలిచ్చిండు, జర జర కనవడుతున్నది. మీ మామ నేను రాసిస్త అన్నడు గని వద్దన్న. గాయన రాస్తె నడుమల కందుల ధర పెడ్తడు.

నువ్వు పంపిన కాయితం తీసుకొని నిరోషా నా ముంగట కూసున్నది. చదువే అన్న. చదివింది. నేను అనలేదు, నేను ఏం అనలేదు అని చదివింది. నేను ముందలికి పో అనలే. ముందల ఇంకేం లేదు గద బిడ్డా.

నేను అబద్ధమాడిన అనుకోకు. సంబంధం సంగతి చెప్తె తల వంచుకున్నది. మనకాడ ఆడపిల్ల తల వంచుకుంటె సరే అన్నట్టే గద. నన్ను గట్లనే ఇచ్చిన్రు. మీ అమ్మను గట్లనే తెచ్చుకున్నం. దాని తల చూసి, దాని నోట్ల మాట నేనే పెట్టుకొని నీకు రాయించిన. గా మాట దానితోనే రాయించిన చూడు, గది తలుసుకుంటె సిగ్గయితది.

గప్పుడు మల్ల అడిగిన. పోతవానె అన్న. పోత పెద్దమ్మా అన్నది. నువ్వు లేకుంటె నాకు తోచదే, నన్ను ఇడిసిపెట్టి పోతవానె అన్న. డాక్టరు ఏడ్వద్దన్నడు గని ఏడ్చిన. అది సుత ఏడ్చింది. ఏడ్చుకుంటనే పోత అన్నది. నాకు ముందుగాల మస్తు కోపమొచ్చింది. తర్వాత అనిపిచ్చింది, నా మీద గింత పానమున్న పిల్ల ఏడ్చుకుంట గూడ పోత అంటున్నదంటె, ఎన్ని దినాల సంది లోపల పెట్టుకున్నదో అని.

పెద్దేములోళ్లకు వద్దని చెప్పిన. నల్లద్దాలు పెట్టుకొని సానియా దుకాణానికి నేనే పోయిన. మా పిల్లను పంపిస్తున్న, జర మంచిగ చూసుకో అన్న. ఫికర్ చెయ్యకు ఖాలా, గని నువ్వు పంపుడేంది, తనే వస్తున్నది గద అన్నది. ఖతర్నాక్ పోరి.

మొదటి తారీకు నాడు పోయింది. మీ మామ సంచి పట్టుకొని గల్లీ దాక పోయిండు. నీ సరిహద్దు రాష్ట్రం రుమాలు తడుపుకొని వచ్చిండు. తెల్లారి లేచి, అలవాటుగ, నిరోషా చాయ్ అని ఒర్రిన. మీ మామ లేచొచ్చి చాయ్ పెట్టిండు. గా చాయ్ సంగతి రాయ, ఇజ్జత్ పోతది. ఇల్లు మాత్రం బోసిపోయింది బిడ్డా. నువ్వు రాసినట్టే అయింది. చెయ్యి ఎటు పెట్టాల్నో తెలుస్తలేదు. గందుకే నీకు జల్దీ రాయలే.

నిన్న శుక్రారం, సెలవు. వచ్చింది. తన మొదటి వారం జీతం తోని కొనుక్కున్న డ్రెస్సు ఏసుకున్నది, పచ్చది. నేనైతె గా రంగు కొనేదాన్ని గాదు. మంచిగున్నది గని. వచ్చుడు వచ్చుడే సీదా వంటింట్లకు పోయి గిన్నెలు ముందటేసుకున్నది. చెయ్యి పట్టి గుంజుకొచ్చి మీ మామ పక్కన కూసోపెట్టిన. చుట్టం లెక్క వచ్చినవు, చుట్టం లెక్క కూసో, ఏం ఒండాలె చెప్పు అన్న.

జర సేపు కిందికి చూసింది. మల్ల తల వంచుకున్నది అనుకున్న. గని తల ఎత్తింది. ఎత్తి, పప్పు వద్దు పెద్దమ్మా అన్నది.

ఏందే అన్న.

నాకు పప్పు నచ్చది. చిన్నప్పటి సంది నచ్చది అన్నది.

మీ మామ మొఖం నువ్వు చూడాల్సుండె. కందుల ఆడ్తోని ఇంట్ల రెండు పూటల పప్పు ఒండి, మాకు పెట్టి, ఆఖరుకు గదే తిన్నది ఇన్నేండ్లు. నేను ఎన్నడు అడగలే. అది ఎన్నడు చెప్పలే. ఇంటి మనిషి, ఇంటి మనిషి అని ఊరంత చెప్పుకుంట తిరిగిన నేను.

మరేం నచ్చుతదే నీకు అన్న.

తెల్వది పెద్దమ్మా, ఇంక చూడాలె అన్నది.

కోడిగుడ్డు పొరుటు చేసిన. జర మాడింది. తిన్నది.

నీ అత్త
గోవిందమ్మ